ప్రోగ్రాము ఏం అడుగుతోందో చూడనివ్వండి

రాత్రి రెండున్నర. బ్రిడ్జ్ కాల్‌లో పద్నాలుగు మందిమి ఉన్నాం. చెల్లింపుల సర్వీసు బిగుసుకుపోయింది, నాలుగు రాత్రుల్లో ఇది మూడోసారి. డేటాబేస్ వాళ్ళు తమ వైపు అంతా బాగుందన్నారు. నెట్‌వర్క్ వాళ్ళు తమ గ్రాఫులన్నీ పచ్చగానే ఉన్నాయన్నారు. అప్లికేషన్ వాళ్ళు లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదన్నారు. చివరికి అలసిపోయిన గొంతు ఒకటి, "రీస్టార్ట్ కొట్టేద్దాం సార్, మిగతాది పొద్దున చూద్దాం" అంది.

నైట్ షిఫ్ట్‌లో ఉన్న కుర్రాణ్ణి ఆపాను. "ఒక్క నిమిషం ఆగు తమ్ముడూ. దాన్ని చంపే ముందు అదేం చేస్తోందో చూద్దాం." ప్రాసెస్ నంబరు ఇచ్చి ఎస్‌ట్రేస్ తగిలించాడు. తెర నిండా ఒకటే వరస. 53వ పోర్టుకు ఒక చిన్న ప్యాకెట్ పంపడం, పోల్ అనే కాల్‌లో ఐదు వేల మిల్లీసెకన్లు ఎదురుచూడటం, చివర సున్నా, టైమౌట్. ఆ తర్వాత అదే ప్రశ్న ఇంకో చిరునామాకు వెళ్తే వెంటనే జవాబు.

మొదటి చిరునామాలో ఉండాల్సిన డీఎన్ఎస్ సర్వర్‌ను ఆ వారమే ఆపేశారు. రిజాల్వ్ కాన్ఫ్ ఫైల్లో మాత్రం దాని చిరునామా అలాగే మిగిలిపోయింది. గ్లిబ్‌సీ లైబ్రరీ, ఎవరూ మార్చకపోతే, జవాబు రాని సర్వర్ కోసం ఐదు సెకన్లు కాచుకుంటుంది. కొత్త కనెక్షన్ తెరవాల్సిన ప్రతిసారీ ఆ ఐదు సెకన్ల దండగ. రద్దీ పెరిగేసరికి థ్రెడ్లన్నీ అక్కడే నిలబడిపోయేవి. రీస్టార్ట్ చేస్తే క్యూ ఖాళీ అవుతుంది కాబట్టి కొన్ని గంటలు అంతా బాగున్నట్టే కనిపించేది. చంకలో బిడ్డను పెట్టుకుని మూడు రాత్రులు ఊరంతా వెతికాం. దొరకడానికి పట్టింది ఒక కమాండు, రెండు నిమిషాలు.

మూడు వారాల తర్వాత ఆ సర్వర్లన్నిటి నుంచీ ఎస్‌ట్రేస్‌ను తీసేశారు. ఆడిట్‌లో దాన్ని ప్రమాదకరమైన, అనవసరమైన సాధనమని రాశారట. ఆ మాట విన్న రోజు పట్టిన కోపం ఇంకా దిగలేదు. ఈ వ్యాసం ఆ కోపంతోనే రాస్తున్నాను.

సంగతి తెలియనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. ప్రోగ్రాము తన మెమరీలో తాను ఎన్ని లెక్కలైనా వేసుకోగలదు. ఫైలు తెరవాలన్నా, తీగ మీదికి ఒక్క బైటు పంపాలన్నా, ఇంకో ప్రోగ్రామును పుట్టించాలన్నా, కాసేపు నిద్రపోవాలన్నా కెర్నెల్‌ను అడగాల్సిందే. ఆ అడగటమే సిస్టమ్ కాల్. ఇంటెల్, ఏఎండీ 64 బిట్ యంత్రాల మీది లైనక్స్‌లో ఒక్కో కోరికకు ఒక్కో సంఖ్య ఉంది: చదవడానికి 0, రాయడానికి 1, కొత్త ప్రోగ్రామును ఎక్కించడానికి 59, ఫైలు తెరిచే ఓపెన్‌యాట్‌కు 257. ఆ సంఖ్యను ఒక రిజిస్టరులో పెట్టి, మిగతా వివరాలను వేరే రిజిస్టర్లలో సర్ది, ప్రోగ్రాము పగ్గాలను కెర్నెల్ చేతికిస్తుంది. జవాబు కూడా రిజిస్టరులోనే తిరిగొస్తుంది. పని జరగకపోతే అది రుణ సంఖ్య. మైనస్ 2 అంటే అలాంటి ఫైలు లేదు, మైనస్ 13 అంటే నీకు అనుమతి లేదు, మైనస్ 111 అంటే అవతలివాళ్ళు కనెక్షన్‌ను నిరాకరించారు.

ఎస్‌ట్రేస్ ఈ గడప దగ్గర కూర్చుని, దాటిపోయే ప్రతి కోరికనూ, తిరిగొచ్చే ప్రతి జవాబునూ మనిషి చదవగలిగేలా రాసిపెడుతుంది. 1991లో పాల్ క్రానెన్‌బర్గ్ దాన్ని సన్‌ఓఎస్ కోసం రాశాడు. బ్రాంకో లాంకెస్టర్ లైనక్స్‌కు తెచ్చాడు. 1993లో రిక్ స్లాడ్‌కీ ఆ రెండు పాయలనూ కలిపాడు. దాని అడుగున పనిచేసే పీట్రేస్ అనే కెర్నెల్ సదుపాయం అయితే 1975 నాటి యూనిక్స్ ఆరో వెర్షన్ నుంచీ ఉంది. సోర్స్ కోడ్ అక్కర్లేదు. మళ్ళీ కంపైల్ చేయక్కర్లేదు. నడుస్తున్నదాన్ని ఆపి మొదలుపెట్టక్కర్లేదు. ప్రాసెస్ నంబరు చాలు. ఇన్నేళ్ళుగా ఉచితంగా చేతికందుతున్న ఈ చూపును మనవాళ్ళు ఒక్క ఆడిట్ వాక్యానికి వదులుకున్నారు!

లాగ్ ఉంది కదా అంటారు. లాగ్ అంటే ఏడాది కిందట ఎవరో డెవలపర్ తనకు తట్టిన చోట, తనకు తట్టిన మాట రాసి పెట్టుకున్నది. అతనికి తట్టని ప్రమాదం గురించి అందులో ఒక్క అక్షరం ఉండదు. 'రిపోర్ట్ సేవ్ అయింది' అని రోజూ లాగ్‌లో రాస్తున్న ఒక ప్రోగ్రామును నేను ట్రేస్ చేశాను. రైట్ కాల్‌కు కెర్నెల్ ఇచ్చిన జవాబు ఈఎన్ఓఎస్‌పీసీ, అంటే డిస్క్‌లో చోటు లేదు. ప్రోగ్రాము ఆ జవాబును చూడనే లేదు. చూడకుండానే తరవాతి వరుసలో సేవ్ అయిందని రాసేసింది. లాగ్ వేరే డిస్క్ మీద ఉండటం వల్ల ఆ మాట మాత్రం చక్కగా నమోదయింది. మూడు రోజుల రిపోర్టులు సున్నా బైట్ల ఫైళ్ళుగా మిగిలాయి. ఇంకో చోట ఒక బృందం కాన్ఫిగ్ ఫైలును రెండు రోజులపాటు దిద్ది దిద్ది విసిగిపోయింది. ఓపెన్‌యాట్ వరుసలు చూస్తే ప్రోగ్రాము ఆ ఫైలు జోలికే పోవడం లేదు. హోమ్ డైరెక్టరీలో ఎవరో మరిచిపోయిన పాత కాపీని చదువుతోంది.

ఇక రీస్టార్ట్ సంగతి. ప్రాసెస్ బిగుసుకుపోయిన ఆ కాసేపే దాని రోగం మన కళ్ళకు కనిపించే సమయం. ఏ కాల్‌లో ఆగిందో, ఏ ఫైల్ డిస్క్రిప్టర్ మీద ఆగిందో, దానికి అవతల ఎవరున్నారో అంతా అప్పుడే తెలుస్తుంది. 7 అనే డిస్క్రిప్టర్ మీద రీడ్ దగ్గర ఆగిందనుకోండి, ప్రోక్ కింద ఆ ప్రాసెస్ ఎఫ్‌డీ డైరెక్టరీలో 7 ఏమిటో చూస్తే సాకెటో పైపో తేలిపోతుంది. సాకెట్ అయితే అవతలి చిరునామా దొరుకుతుంది, ఆ చిరునామా తాలూకు బృందాన్ని మాత్రమే నిద్రలేపవచ్చు. ఫ్యూటెక్స్ దగ్గర ఆగిందంటే బహుశా లోపలి తాళం కోసం థ్రెడ్లు కొట్టుకుంటున్నాయి. పని లేని థ్రెడ్ కూడా ఫ్యూటెక్స్ దగ్గరే కూర్చుంటుంది కాబట్టి, ఆ తేడా తెలియడానికి మిగతా థ్రెడ్లనూ చూడాలి. ఇవేవీ చూడకుండా రీస్టార్ట్ కొట్టడమంటే శవపరీక్ష లేకుండా దహనం చేయడమే. ఆ తర్వాత ఆర్‌సీఏ పత్రంలో 'సర్వీసును రీస్టార్ట్ చేయగా సమస్య పరిష్కారమైంది' అని రాసి టికెట్ మూసేస్తారు. అసలు కారణం రాయాల్సిన గడిలో ఆ వాక్యం ఉన్న పత్రాలు నా ఉద్యోగ జీవితంలో లెక్కలేనన్ని చూశాను. జ్వరం ఎందుకొచ్చింది డాక్టరుగారూ అని అడిగితే, పారాసిటమాల్ వేశాం అని జవాబు చెప్పే డాక్టరు దగ్గరికి మనం మన పిల్లల్ని తీసుకెళ్తామా?

నా మాటకు ఎదురుగా రెండు అభ్యంతరాలు వస్తాయి. రెండింటిలోనూ నిజం ఉంది.

ఒకటి, అది ప్రోగ్రామును నెమ్మదింపజేస్తుంది. అవును. పీట్రేస్ పద్ధతిలో ప్రతి సిస్టమ్ కాల్‌కూ ప్రోగ్రాము రెండుసార్లు ఆగాలి, లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి. ఆగిన ప్రతిసారీ ఎస్‌ట్రేస్ లేచి, చూసి, మళ్ళీ వదలాలి. 2014లో బ్రెండన్ గ్రెగ్ డీడీ కమాండుతో ఒక్కొక్క బైటు చొప్పున కాపీ చేయించి కొలిస్తే 442 రెట్లు నెమ్మదించింది. సిస్టమ్ కాల్స్ తప్ప ఇంకేమీ చేయని పని అది, అంతకంటే కష్టమైన పరీక్ష ఉండదు. పండగ సేల్ నడుస్తున్న వేళ డేటాబేస్‌కు దీన్ని తగిలించమని నేను ఎవరికీ చెప్పను. కానీ బిగుసుకుపోయి ఒక్క కాల్ కూడా చేయని ప్రాసెస్‌ను ఏం నెమ్మదింపజేస్తుంది? కావాల్సిన కాల్స్ దగ్గర మాత్రమే ఆగేలా సెక్‌కాంప్ బీపీఎఫ్ సాయంతో నడిచే మార్గం 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచీ ఎస్‌ట్రేస్‌లోనే ఉంది. రద్దీ వేళకు పెర్ఫ్ ట్రేస్, బీపీఎఫ్‌ట్రేస్ ఉన్నాయి. ఎస్‌ట్రేస్‌ను వద్దన్నవారు వాటినైనా ఇచ్చారా? ఇవ్వలేదు. మొత్తం తలుపే మూసేశారు.

(దీని చూపుకు అందనివీ ఉన్నాయి, దాచను. గడియారం చూసుకోవడం వంటి పనులు వీడీఎస్ఓ ద్వారా కెర్నెల్ గడప తొక్కకుండానే జరిగిపోతాయి. మెమరీలోకి మ్యాప్ చేసుకున్న ఫైలును చదివినా కనబడదు. 2019లో లైనక్స్ 5.1తో వచ్చిన ఐఓ యూరింగ్ వాడే ప్రోగ్రాముల చదవడం, రాయడం విడివిడిగా కనిపించవు. స్టెతస్కోపుకు వినబడని జబ్బులున్నాయని స్టెతస్కోపును ఎవరూ పారేయలేదు.)

రెండోది భద్రత. ఇది మరీ గట్టిగా వినిపిస్తుంది, ఎందుకంటే ఆ మాట అనగానే ఎదుటివారు నోరు మూసుకుంటారు. పీట్రేస్‌తో ఒక ప్రోగ్రాము ఇంకోదాని మెమరీని చదవగలదు, మార్చగలదు. రీడ్, రైట్‌లలో పాస్‌వర్డులు కనబడవచ్చు. అందుకే యామా అనే భద్రతా మాడ్యూల్ వచ్చింది, 2012లో లైనక్స్ 3.4లో చేరింది. దాని సెట్టింగు విలువ 1 అయితే మామూలు వాడుకరి తాను పుట్టించిన ప్రోగ్రాములనే ట్రేస్ చేయగలడు. బ్రౌజరులో దూరిన దొంగ పక్కనున్న ఎస్ఎస్‌హెచ్ తాళాలను దోచకుండా అది కాపాడుతుంది. మంచి పని, దాన్ని నేను సమర్థిస్తాను. ఆ 1 ఉన్నా అధికారం ఉన్న అడ్మిన్ చూడగలడు. మనవాళ్ళు కొందరు నేరుగా 3 పెట్టేస్తారు. అప్పుడు రూట్ సైతం ఏ ప్రాసెస్‌కూ తగిలించలేడు, యంత్రాన్ని రీబూట్ చేసేదాకా ఆ విలువను ఎవరూ మార్చలేరు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే.

కంటైనర్ల కథ ఇంకా బాధ. పీట్రేస్ సాయంతో సెక్‌కాంప్ వడపోతను దాటిపోయే లొసుగు పాత కెర్నెళ్ళలో ఉండేది. అందుకని డాకర్ మొదట్లో పీట్రేస్‌ను మూసి ఉంచింది, అది న్యాయం. 2016లో వచ్చిన 4.8 కెర్నెల్ ఆ లొసుగును పూడ్చింది. 2019లో డాకర్ 19.03 ఆ నిషేధాన్ని సడలించింది. కారణం చచ్చిపోయి ఇన్నేళ్ళయినా మన చెక్‌లిస్టుల్లో నిషేధం మాత్రం బతికే ఉంది. ఎందుకు పెట్టారని అడిగితే చెప్పగలిగినవారు ఆ గదిలో ఒక్కరూ ఉండరు. ఇమేజ్‌లో అదనపు సాధనాలు వద్దంటే సరే, కుబెర్నెటీస్ 1.25 నుంచీ, అంటే 2022 నుంచీ, నడుస్తున్న పాడ్ పక్కన తాత్కాలిక కంటైనర్‌ను దించి చూసే దారి స్థిరపడింది. ఎవరు చూశారో నమోదు చేయండి. ట్రేస్ ఫైళ్ళను రోగి రిపోర్టుల్లా జాగ్రత్తగా దాచండి, పని కాగానే చెరిపేయండి. ఇవన్నీ చేయగలిగిన వాళ్ళే, చేయకుండా, కళ్ళకు గంతలు కట్టి దాన్ని భద్రత అంటున్నారు.

సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళు ట్రేస్ చేయడం చట్టవిరుద్ధమని బెదిరించిన సందర్భాలూ చూశాను. మన 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ చదవండి. ఇచ్చిన పనికి ప్రోగ్రామును వాడుకుంటూ, దాని వెనక ఉన్న ఆలోచనలను, సూత్రాలను తెలుసుకోవడానికి పనితీరును గమనించడం, అధ్యయనం చేయడం, పరీక్షించడం ఉల్లంఘన కాదని అందులో స్పష్టంగా ఉంది.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది మన పిల్లలకు జరుగుతున్న అన్యాయం. బీటెక్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరుంది. సిస్టమ్ కాల్స్ రకాలు రాయమంటే ప్రాసెస్ కంట్రోల్, ఫైల్ మేనేజ్‌మెంట్, డివైస్ మేనేజ్‌మెంట్ అంటూ గడగడా రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఒక్క సిస్టమ్ కాల్‌ను కళ్ళతో చూడకుండా పట్టా పుచ్చుకుంటారు. ల్యాబ్‌లో క్యాట్ కమాండుకు ముందు ఎస్‌ట్రేస్ అని ఒక్క మాట చేర్చి కొట్టిస్తే చాలు. ఎగ్జెక్‌వీఈతో పుట్టడం, సీ లైబ్రరీని వెతుక్కోవడం, ఫైలు తెరవడం, చదవడం, తెర మీద రాయడం, ముగియడం, అంతా వరుసగా కనబడుతుంది. పుస్తకంలో అధ్యాయం చెప్పేది ఒక్క తెరలో ఉంది. పది నిమిషాల పని. చేయించరు. అమీర్‌పేటలో కోర్సు చేసి ఉద్యోగంలోకి వచ్చిన కుర్రాడికి పదిరకాల క్లౌడ్ బటన్లు తెలుసు, ఆ బటన్ల కింద ఏముందో చూడవచ్చని ఎవరూ చెప్పలేదు. ఇక ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? సీనియర్ రీస్టార్ట్ కొడితే ఫ్రెషర్ ఇంకేం నేర్చుకుంటాడు?

ఆ రాత్రి నాతో ఉన్న కుర్రాడు, తెర మీద 53 అనే అంకె కనబడగానే, నేను నోరు తెరవక ముందే, "సార్, ఇది డీఎన్ఎస్ కదా!" అన్నాడు. ఆ గొంతులో ఉన్న ఆనందం నాకు ఇప్పటికీ వినబడుతోంది. తర్వాత నెల రోజులపాటు తన సొంత ల్యాప్‌టాప్‌లో కనబడ్డ ప్రతి ప్రోగ్రామునూ ట్రేస్ చేసి నాకు సందేశాలు పెట్టేవాడు.

మొన్న అర్ధరాత్రి ఫోన్ చేశాడు. ఇంకో సర్వీసు బిగుసుకుంది. "ఎస్‌ట్రేస్ లేదు సార్. పెట్టమని రిక్వెస్ట్ వేశాను, అప్రూవల్‌కు ఐదు పనిదినాలు పడుతుందట. ఈలోపు ఏం చేయమంటారు?"

నేను జవాబు వెతుక్కుంటుండగా అతని వెనక నుంచి ఎవరిదో గొంతు వినబడింది. "ఇంకా ఏం చూస్తున్నావ్ రా, రీస్టార్ట్ కొట్టెయ్!"