అమానత్‌ను లాట్ కింద కొనొచ్చా?

పాత ఘడీలు కొని అమ్మే మన కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం ఫోటో పదే పదే కనిపిస్తుంది. తెల్ల తువ్వాలు పరిచి, దాని మీద వందో రెండొందలో ఘడీలు వరసగా పేర్చి ఉంటాయి. హెచ్‌ఎంటీ జనతా, పైలట్, కోహినూర్, సోనా. మధ్యలో ఒకటీ అరా ఆల్విన్. ఏ గల్ఫ్ చాచానో తెచ్చిన సీకో ఫైవ్. పక్కన స్ప్రింగుల డబ్బాలు, గ్లాసుల డబ్బాలు. కింద రాసి ఉంటుంది: ఫలానా ఊళ్లో మరమ్మత్ దుకాన్ బంద్ అయింది, మొత్తం లాట్ లేపేశాం. దాని కింద మాషా అల్లాహ్‌లు, ముబారక్‌లు.

ఈ తిజారత్ మీద నాకు నఫ్రత్ లేదు. ముందే చెప్తున్నా, ఎందుకంటే ఇది చదివి నా కజిన్ భాయ్‌లు ఇద్దరు ముఖం మాడ్చుకుంటారు. ఘడీసాజ్ దుకాన్ మూతపడితే దానికి మిగిలే దారులు రెండే. ఒకటి ఈ కుర్రాళ్లు. రెండోది కబాడీ. కబాడీవాడు ఇత్తడి కిలో లెక్కన తూస్తాడు, స్టీలు వేరే కుప్ప వేస్తాడు, డయళ్లు మోరీలో పోతాయి. కుర్రాళ్ల చేతికొస్తే కనీసం మళ్లీ ఎవరి మణికట్టు మీదో టిక్ టిక్ అంటాయి. వాళ్లకు నాలుగు డబ్బులొస్తాయి. హలాల్ రోజీనే.

పైగా ఆ డబ్బాల్లో ఉన్న సామాను మళ్లీ తయారయ్యేది కాదు. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి బెంగళూరులో హెచ్‌ఎంటీ ఘడీలు మొదలయ్యాయి. మన హైదరాబాద్ ఆల్విన్, నిజాం జమానాలో 1942లో పుట్టిన కంపెనీ, ఫ్రిజ్‌లూ బస్సు బాడీలూ చేస్తూనే సీకోతో చేయి కలిపి ఘడీలూ చేసింది. 1987లో టైటాన్ క్వార్ట్జ్ బజార్లోకి వచ్చాక చావీ ఇచ్చే ఘడీలకు గిరాకీ తగ్గుతూ పోయింది. హెచ్‌ఎంటీ ఘడీల కంపెనీని మూసేయడానికి కేంద్ర కేబినెట్ 2016 జనవరిలో మంజూరీ ఇచ్చింది. అప్పటి నుంచి ఒక జనతాకు బ్యాలెన్స్ విరిగితే కొత్తది రావాల్సింది ఇలాంటి పాత దుకాన్ సొరుగులోంచే. అందుకే ఈ సొరుగుల కోసం ఇంత పోటీ.

నా సవాల్ వేరే. ఆ 'మొత్తం లాట్' అనే మాట మీద. మరమ్మత్ దుకాన్‌లో ఉన్నదంతా దుకాన్‌దారుది కాదు. కిరాణా కొట్టు మూసేస్తే అందులోని బియ్యం బస్తా సేట్‌దే. బట్టల కొట్టు మూసేస్తే తాను సేట్‌దే. మరమ్మత్ దుకాన్ అలా కాదు. అక్కడ సగం సామాను పరాయి సామాను.

మొన్న కర్నూలు పాత బస్తీలో ఒక ఘడీసాజ్ చాచా ఇంతెకాల్ అయ్యారు. నలభై ఏళ్లకు పైగా ఆ మూరెడు దుకాన్‌లో, కంటికి గ్లాసు పెట్టుకుని, వంచిన మెడ ఎత్తకుండా పనిచేశారు. కొడుకు సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాడు, హునర్ ఎవరూ నేర్చుకోలేదు. దుకాన్ మాలిక్ ఖాళీ చేయమని వెంటపడుతున్నాడు. మా మామూ కొడుకు ఇన్‌స్టాలో పాత ఘడీలు అమ్ముతాడు, వాడికి ఖబర్ అందింది. అరవై వేలకు లాట్ మాట్లాడుకున్నాడు. నన్నెందుకు తీసుకెళ్లాడంటే, చాచా హిసాబ్ అంతా ఉర్దూలో ఉంది. కొడుకు ఇంగ్లిష్ మీడియం. మావాడూ అంతే. ఏ డబ్బాలో ఏముందో పైన చీటీలు ఉర్దూలోనే. ఉర్దూ మీడియంలో చదువుకున్నందుకు జీవితంలో నన్ను బతిమాలి తీసుకెళ్లిన మౌకాలు చాలా తక్కువ, అది కూడా రాసుకోండి.

డబ్బాల చీటీలు చదవడం పది నిమిషాల పని. చావీలు, లేడీస్ గ్లాసులు, మెయిన్ స్ప్రింగులు. ఆ తర్వాత గల్లా కింది సొరుగు లాగితే గోధుమరంగు చిన్న కవర్లు. ఒక్కో కవర్లో ఒక్కో ఘడీ, పైన నంబర్. గోడ అల్మారాలో రిజిస్టర్లు. నంబర్ పట్టుకుని రిజిస్టర్ తిప్పితే పేరు, బాప్ పేరు, ఊరు, ఘడీ మార్కా, ఏమైంది, మజూరీ ఎంత, అన్నీ ఉన్నాయి. నందికొట్కూరు, ఆత్మకూరు, కోడుమూరు, వెల్దుర్తి. ముస్లింల పేర్లు సగమే. మిగతా సగం రెడ్లూ బోయలూ శెట్లూ, వాళ్ల తెలుగు పేర్లన్నీ ఉర్దూ లిపిలో. జేర్, జబర్ రాయరు కాబట్టి ఆ ఊళ్లు తెలిసినవాడికే ఆ పేర్లు చదవడం వస్తుంది. తువ్వాలు మీద పరచడానికి తీసిన రెండొందల పది ఘడీల్లో అరవై మూడు ఈ కవర్లలోవి.

మావాడు అన్నాడు: "భాయ్‌జాన్, ఇరవై ఏళ్లు అయ్యింది, వాళ్లే వదిలేశారు కదా, ఇప్పుడెవరొస్తారు?"

ఈ జవాబ్ మీకూ తోచి ఉంటుంది. చాలామందికి తోస్తుంది. దుకాన్ గోడ మీద బోర్డు కూడా ఉంది, నెల రోజుల్లో తీసుకెళ్లని ఘడీకి మా జిమ్మేదారీ లేదు అని. మరమ్మత్ దుకాన్లలో మామూలుగా కనిపించే బోర్డే. కానీ ఆ బోర్డు ఏం చెప్తోంది? పోతే నన్ను అడగొద్దు అంటోంది. నాదైపోతుంది అనడం లేదు కదా. చాచాకు ఆ ఫర్క్ బాగా తెలుసు. తనది అనుకుని ఉంటే ఆ ఘడీలను విప్పి పార్ట్స్ వాడుకునేవారు, పార్ట్స్ దొరకని రోజుల్లో ఆ సొరుగులో మంచి ఘడీలు పెట్టుకుని. ఒక్క కవర్ కూడా చింపలేదు. అంత చేసిన మనిషి మయ్యత్ లేచాక ఆ కవర్లు లాట్‌లో కలిసిపోవడం నాకు మింగుడు పడలేదు.

కానూన్ కూడా ఇదే చెప్తుంది. మరమ్మత్‌కి ఇచ్చిన వస్తువును 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 148వ సెక్షన్ బెయిల్‌మెంట్ అంటుంది. ఒక పని కోసం ఇస్తారు, పని అయ్యాక తిరిగి ఇవ్వాలి. 170వ సెక్షన్ కారీగర్‌కు ఒక హక్కు ఇచ్చింది. చేసిన పనికి మజూరీ ముట్టేదాకా వస్తువు తన దగ్గర పెట్టుకోవచ్చు. పెట్టుకోవచ్చు, అంతే. అమ్ముకోవచ్చని అందులో లేదు. గిర్వీ పెట్టుకున్నవాడికి నోటీసు ఇచ్చి అమ్ముకునే హక్కు 176వ సెక్షన్‌లో ఉంది గానీ, ఘడీసాజ్ దగ్గర ఎవరూ గిర్వీ పెట్టలేదు. 1930 నాటి వస్తువుల అమ్మకం చట్టం 27వ సెక్షన్ ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదు. మావాడు అరవై వేలు పోసినా ఆ అరవై మూడు ఘడీలు వాడివి కావు.

దీన్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. అమానతులను హక్‌దారులకు చేర్చమనే హుకుం సూరా నిసా 58వ ఆయత్‌లో ఉంది. దారిలో దొరికిన వస్తువుకే ఏడాది పాటు ఏలాన్ చేయాలని హదీస్ ఉంటే, పేరూ ఊరూ రాసి ఉన్న వస్తువు సంగతి వేరే అడగాలా. మాలిక్ ఎంతకీ దొరక్కపోతే అతని తరఫున సదఖా చేయాలని, తర్వాత అతను వచ్చి అడిగితే జవాబ్‌దారీ తప్పదని ఉలమా చెప్తారు. వెతికాక చేసే పని అది. వెతక్కుండా చేసేది కాదు.

ఇక మిగిలిన నూట నలభై ఏడు ఘడీలూ, సామానూ. అవి చాచావే. కానీ చాచా లేరు, కాబట్టి అది తర్కా. ముందు కర్జ్ తీరాలి, పార్ట్స్ తెచ్చిన దుకాన్‌కు బాకీ ఉందేమో చూడాలి. తర్వాత బేవాకు ఎనిమిదో వంతు. మిగిలినదాంట్లో కొడుక్కి రెండు హిస్సాలైతే కూతురికి ఒకటి. తాళంచెవి కొడుకు దగ్గర ఉంటుంది, బేరం కొడుకుతోనే జరుగుతుంది. ఆదోనిలో ఉన్న కూతురికి, ఇద్దత్‌లో పరదా వెనక ఉన్న ఖాలాకు ఎవరైనా ఫోన్ చేసి చెప్పారా? ఇల్లూ పొలమూ అయితే దస్తఖత్ కావాలి కాబట్టి అడుగుతారు. దుకాన్ సామానుకు దస్తఖత్ అక్కర్లేదు, అందుకే ఆడవాళ్ల హక్ ఇలాంటి చోటే చడీచప్పుడు లేకుండా పోతుంది. "మీ ఆపాకు తెలుసా?" అని ఒక్క మాట అడగడం కొనేవాడి పని కాదని మావాడు అన్నాడు. కొనేవాడి పనే అని నేనంటాను. డబ్బు లెక్కపెట్టేది వాడే కదా.

ధర విషయంలో ఇంకో చిక్కు ఉంది. అమ్మేవాళ్లకు బజార్ భావ్ తెలీదు. కొనేవాడికి తెలుసు. పైలట్ ఏ డయల్‌కు ఎంత, సీల్ విప్పని పార్ట్స్ ప్యాకెట్‌కు ఎంత, అన్నీ వాడి ఫోన్‌లో ఉన్నాయి. ఊరి బయటే బేపారుల కాఫిలాకు ఎదురెళ్లి, వాళ్లు బజార్ చేరకముందే సరుకు కొనేయడాన్ని రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) మనా చేశారు. అలా అమ్మినవాడు బజార్‌కి వచ్చాక సౌదా రద్దు చేసుకునే ఇఖ్తియార్ కూడా ఉందని సహీహ్ ముస్లింలో ఉంది. ఇంట్లో మౌత్ అయి, మాలిక్ తాళం వేస్తానంటున్న ఇంటికి వెళ్లి నాలుగో రోజున లాట్ మాట్లాడుకోవడం నాకు ఆ కాఫిలా లాగే కనిపిస్తుంది. నఫా తీసుకోవద్దని కాదు. తిరిగే ఖర్చు వాడిది, అమ్ముడుపోని ఘడీ వాడిది, ఇన్‌స్టాలో రాత్రి ఒంటిగంటకు "లాస్ట్ ప్రైస్ ఎంత భాయ్" అన్నవాడికి జవాబిచ్చే సబర్ వాడిది. నఫా తీసుకోవాలి. కానీ మంచి ఘడీలు ఓ పదీ ఇరవై విడిగా తీసి, వీటి భావ్ ఇది అని ఫోన్‌లో చూపించి మాట్లాడితే ఏం పోతుంది? లేదా కొనకుండా వాళ్ల తరఫున అమ్మిపెట్టి కమీషన్ తీసుకోవచ్చు. నెల ఆలస్యమవుతుంది, అంతే.

కొన్నాక అమ్మేటప్పటి సంగతి ఒక ముక్కలో చెప్తాను. ఈ తిజారత్‌లో పెద్ద ఐబ్ డయల్ దగ్గర ఉంది. పాత డయల్‌కు కొత్త రంగు వేయించి, ఒక ఘడీ కేసు, ఇంకో ఘడీ ముళ్లు, మూడో ఘడీ మెషిన్ కలిపి నిలబెట్టి, ఒరిజినల్ అని అమ్ముతారు. ఇండియా నుంచి వచ్చే పాత ఘడీలంటే విదేశాల్లో కొనేవాళ్లు అనుమానంగా చూసేది ఇందుకే. కలిపి నిలబెట్టడం తప్పు కాదు, చాచా జిందగీ అంతా చేసింది అదే. కలిపానని చెప్పకపోవడమే తప్పు. మదీనా బజార్లో ధాన్యం రాశిలో చేయి పెడితే లోపల తడి తగిలిన వాకియా చిన్నప్పుడే చదువుకున్నాం. ఆ తడి ఇవాళ రీడయల్ రూపంలో ఉంది.

కర్నూల్లో ఏమైందంటే, గంటన్నర వాదన తర్వాత కవర్లు పక్కకు తీశారు. కూతురికి ఫోన్ చేశారు. లాట్ మళ్లీ లెక్కేస్తే, అరవై మూడు ఘడీలు తగ్గినా రేటు డెబ్బై రెండు వేలకు చేరింది, ఎందుకంటే పైలట్లూ సీల్ విప్పని పార్ట్సూ ఈసారి విడిగా మాట్లాడారు. మావాడు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత వాడే కవర్ల నంబర్లు, ఊళ్లు, మార్కాలు తెలుగులో టైపు చేసి గ్రూపుల్లో పెట్టాడు. పేర్లు పెట్టొద్దన్నాను. పేరు చెప్పినవాడికే ఇవ్వాలి, లేకపోతే ఊరంతా మాలిక్‌లే అవుతారు. మసీదు బోర్డు మీద ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి అంటించాం. ఊళ్ల సంగతి ఆర్టీసీ డ్రైవర్ ఒకాయన చూసుకున్నాడు. ఏ ఊళ్లో ఏ టీ బంకు దగ్గర చెప్పాలో ఆయనకే తెలుసు.

ఇప్పటికి పదకొండు ఘడీలు చేరాయి. కోడుమూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కవర్ తీసుకుని, రిజిస్టర్‌లో మజూరీ ఎంతుందో చదవమన్నాడు. 1998లో ఆయిలింగ్‌కి నలభై ఐదు రూపాయలు. జేబులోంచి లెక్కపెట్టి ఇచ్చాడు. కొడుకు వద్దంటుంటే, లోపల్నుంచి ఖాలా పిలిచి తీసుకోమంది, అది మీ అబ్బా మజూరీ అని. మిగిలిన యాభై రెండు కవర్లు ఇనప పెట్టెలో ఉన్నాయి. పాత రిజిస్టర్ ఒకటి చెదలు పట్టి పేజీలు అతుక్కుపోయాయి, అందులో పద్నాలుగు నంబర్లున్నాయి. వచ్చే జుమా తర్వాత వెళ్లి కూర్చుంటాను.