పెద్దదేదో చెప్పు చూద్దాం
వారం వారం – చైతన్యపురి వాసి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట దాకా మెట్రో పిల్లర్ల పక్కన పండ్ల బండ్లకు కొదవ లేదు. తక్కెడలు పోయి ఎలక్ట్రానిక్ కాంటాలొచ్చాయి. అరకిలో ద్రాక్ష అడిగితే కాంటా మీద 0.485 అని పడిందనుకోండి. పక్కనున్న ఆరో తరగతి పిల్లవాణ్ని అడిగి చూడండి, మనకు ఎక్కువొచ్చిందా, తక్కువొచ్చిందా అని. అరకిలో అంటే 0.5 అని వాడికి తెలుసు. అయినా తడుముకోకుండా ‘ఎక్కువే’ అనే పిల్లలున్నారు. 485 ఎక్కడ, 5 ఎక్కడ!

వాణ్ని మొద్దు అనకండి. ఒకటో తరగతి నుంచి అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దదని నేర్పింది మనమే. బిందువు దాటాక కూడా వాడు అదే సూత్రం నమ్ముకున్నాడు. ఇంకో రకం పిల్లలున్నారు. పదో వంతు కన్నా నూరో వంతు చిన్నదన్న మాట విని, అంకెలు తక్కువుంటేనే పెద్దదని తేల్చేసుకుంటారు. వాళ్ల లెక్కలో 0.83 కన్నా 0.4 పెద్దది. తమాషా ఏమిటంటే, ద్రాక్ష ప్రశ్నకు వీళ్లు సరైన జవాబే చెబుతారు! మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కే స్టేసీ, విక్కీ స్టైన్‌లీ ఈ రెండు రకాల పిల్లలనూ విడివిడిగా గుర్తుపట్టడానికే జతల పరీక్ష ఒకటి తయారుచేశారు. రహస్యమంతా ఏ జతలు ఎంచుకున్నామన్న దాంట్లోనే ఉంది.

మన వర్క్‌షీట్లలో ఆ ఎంపికే కరువు. 3.45, 4.53, 3.54, 4.35 ఇచ్చి ఆరోహణ క్రమంలో రాయమంటారు. బిందువులు చెరిపేసి 345, 354, 435, 453 అని పేర్చినా పదికి పది. అలాంటివి వంద చేయించినా పిల్లవాడికి దశాంశాలు వచ్చాయో లేదో తెలియదు. వాటి బదులు 0.3, 0.25, 0.125, 0.09 ఇవ్వండి. బిందువును పట్టించుకోనివాడు 0.3ను అన్నిటికన్నా చిన్నది చేసి, 0.125ను నెత్తిన పెడతాడు. పక్కనే 0.4, 0.83 జత కూడా ఇస్తే రెండో రకం వాడూ దొరికిపోతాడు. ఆరు లెక్కలు చాలు, కాకపోతే ప్రతిదానికీ ‘ఎందుకు?’ అని అడగాలి.

‘సున్నాలు చేర్చి సమానం చెయ్యి’ అనే చిట్కా మీద నాకు పేచీ ఉంది. తప్పు కాదు, జవాబు వస్తుంది. కానీ 0.5ను 0.500 చేసిన పిల్లవాడు మళ్లీ 500నూ 485నూ పోలుస్తున్నాడు. పదో వంతు జోలికే పోలేదు. నగల మీది హాల్‌మార్క్ అంకెలూ ఇలాగే మోసగిస్తాయి. 916, 750, 585 అని మూడేసి అంకెలుంటే ఎవరైనా చెబుతారు. 0.75, 0.585 అని రాసి, ఏ బంగారం మేలని అడగండి.

బడి బయట క్రికెట్టుంది. ఉప్పల్ స్టేడియం ఎల్బీనగర్‌కు దగ్గరే, ఇక్కడి పిల్లలకు స్కోరు కంఠతా. స్కోరుబోర్డులో 9.5 తర్వాత బంతి పడితే 10. 4.3 ఓవర్లంటే నాలుగున్నర. అది దశాంశ బిందువు కాదు, ఓవరుకు ఆరు బంతులని పిల్లలకు విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. చెబితే మాత్రం భలే ఆసక్తిగా వింటారు.

దిల్‌సుఖ్‌నగర్ అంటే డీఎస్సీ కోచింగ్ కూడా. 2024లో తెలంగాణ ప్రభుత్వం 11,062 టీచరు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు ఇక్కడి హాస్టళ్లూ స్టడీ హాళ్లూ కిటకిటలాడాయి. బోధనా పద్ధతుల బిట్లు బట్టీ పట్టి గెలిచిన వాళ్లిప్పుడు తరగతి గదుల్లో ఉన్నారు. పిల్లవాడి తప్పు జవాబు వెనక ఏ సూత్రముందో పట్టుకోవడం బిట్లలో వచ్చేది కాదు, పిల్లవాడి ఎదుట కూర్చుంటేనే వస్తుంది.

తల్లిదండ్రులకైతే ఇంట్లో కుట్టుటేపు చాలు. ఒక మీటరు దగ్గర గుర్తు పెట్టి 0.3 ఎక్కడో, 0.25 ఎక్కడో వేలు పెట్టి చూపించమనండి. 30 సెంటీమీటర్ల దగ్గరా 25 దగ్గరా వేలు ఆగితే సగం పని అయినట్టే. తర్వాత 0.3కూ 0.4కూ మధ్య ఏ సంఖ్యయినా ఉందా అని అడగండి. ‘లేదు’ అన్నాడంటే, పరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా సరే, టేపు ఇంకా చుట్టెయ్యకండి.