డాలరుకు లెక్కుంది, చాకిరీకి?

ఔటర్ రింగు రోడ్డు వచ్చాక గుండ్లపోచంపల్లిలో గుంట భూమి అంటే గుండె దడ! నిన్నటిదాకా "ఆ చెలకెవడిక్కావాలి?" అన్న అమెరికా అన్నకూ, దుబాయి తమ్ముడికీ ఒక్కసారిగా పుట్టినూరి మీద ప్రేమ పొంగుకొచ్చింది. రాదూ మరి? ప్రవాసి ఇక్కడ పంటభూమి కొనడానికి చట్టం ఒప్పదు. వారసత్వంగా వస్తే మాత్రం అడ్డులేదు.

"ఇల్లు నా డబ్బుతో లేచింది" అంటాడొకడు. "బోరు నేనే వేయించాను" అంటాడింకొకడు. కాదనం, బ్యాంకు రసీదులున్నాయి. మరి తండ్రిని ఆస్పత్రుల చుట్టూ తిప్పిన నడిపివాడి రసీదేదీ? అతని భార్య చాకిరీ ఏ పాస్‌బుక్కులో ఎక్కింది?

ఇక ఆడబిడ్డ సంగతి! 2005 సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. అయినా చీర పెట్టి సంతకం పెట్టించుకోవడమే మన మర్యాద!

అయ్యలారా, తగువు కోర్టెక్కితే మనుమల కాలానికైనా తెమలదు. తండ్రి బతికుండగానే అందరూ కూర్చోండి. పంపిన డబ్బుతో పాటు చేసిన సేవనూ లెక్కలో వేయండి. తల్లికి జ్వరమంటే దొరకని సెలవు, రిజిస్ట్రేషనుకు మాత్రం ఎలా దొరుకుతుందండీ?