రెట్టింపు బాడుగ

(ఊరు దాటిన దారులు – 6)

పోయిన భాగంలో అమ్మ పాస్‌పోర్టు సంగతి రాశాక చాలామంది ఇన్‌బాక్స్‌లో అడిగారు, "మేడం, మీ అమ్మగారు మళ్లీ ఎప్పుడు వెళ్తున్నారు?" అని. ఆ ప్రయాణం మీదే మా ఇంట్లో పది రోజులుగా పేచీ నడుస్తోంది. పేచీ నాకూ మా తమ్ముడికీ.

వాడు టెక్సస్‌లో పనిచేస్తాడు. మరదలికి నెలలు నిండుతున్నాయి, అమ్మని రమ్మంటున్నాడు. మొన్న ఒక లింకు పంపి, వెనకే ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మకి గ్లోబల్ ఎంట్రీకి అప్లై చెయ్. 120 డాలర్లు. ఐదేళ్లు పనికొస్తుంది. దిగంగానే ఇమిగ్రేషన్ దగ్గర పెద్ద లైను ఉండదు. ఇక్కడ లోపలి విమానాలెక్కేటప్పుడు సెక్యూరిటీ దగ్గర కూడా వేరే లైనులో పంపిస్తారు. డబ్బు నేను కడతాలే."

నేను వద్దన్నాను. వాడికి కోపం వచ్చింది. "నీ సిద్ధాంతాలకి అమ్మ మోకాళ్లు బలి కావాలా?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. అందుకే ఫోన్లో జవాబు చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. వాడూ చదువుతాడు.

ముందు ఒక సంగతి చెప్పాలి. 2024లో అమ్మ మొదటిసారి వెళ్లినప్పుడు తమ్ముడు ఆమెని అక్కడే ఇంకో ఊరికి విమానంలో తీసుకెళ్లాడు. సెక్యూరిటీ దగ్గర లైనులో అందరూ బూట్లు, చెప్పులు విప్పి ట్రేలో పెడుతున్నారు. అమ్మనీ విప్పమన్నారు. పక్క లైనులో కొందరు చెప్పులతోనే, నడుముకి బెల్టుతోనే చకచకా పోతున్నారు. అమ్మ వాళ్లని చూసి తమ్ముణ్ని అడిగిందట: "వాళ్లెందుకు ఇప్పట్లేదురా? వాళ్లు ఆసాములా?"

తమ్ముడు నవ్వి, "కాదమ్మా, వాళ్లు డబ్బు కట్టారు" అన్నాడట.

వాడు నాకిది జోకులా చెప్పాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మాది చందర్లపాడు. అమ్మ చిన్నతనంలో పల్లె నుంచి పెద్ద వీధి మీదుగా పోవాల్సి వస్తే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్లు. అరవై రెండేళ్ల మనిషి, సముద్రాలు దాటి పోయి, చెప్పులు విప్పిన వాళ్లనీ విప్పని వాళ్లనీ చూడగానే ఆమెకి తోచిన మొదటి మాట "ఆసాములు". ఆమె పొరబడిందని తమ్ముడు అనుకున్నాడు. ఆమె సరిగ్గానే చూసిందని నేను అంటున్నాను.

ఆ పక్క లైను పేరు ప్రీచెక్. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికా ప్రభుత్వం టీఎస్ఏ అనే సంస్థను పెట్టి విమానాశ్రయాల తనిఖీని చేతుల్లోకి తీసుకుంది. పదేళ్లు తిరిగేసరికి, 2011లో, ప్రీచెక్ మొదలైంది. 2013 చివర్లో మామూలు జనం కూడా 85 డాలర్లు కట్టి, వేలిముద్రలిచ్చి అందులో చేరే దారి తెరిచారు. అమెరికా పౌరులకీ గ్రీన్‌కార్డు వాళ్లకీ అది నేరుగా దొరుకుతుంది. మన పాస్‌పోర్టు వాళ్లకి దారి గ్లోబల్ ఎంట్రీ. అది తీసుకుంటే ప్రీచెక్ కూడా కలిసొస్తుంది. 2017 నుంచి భారతీయులు దానికి అప్లై చేసుకోవచ్చు. 2024 అక్టోబరు దాకా ఫీజు 100 డాలర్లు, ఇప్పుడు 120. మన డబ్బులో పదివేలు దాటుతుంది. మన రాష్ట్రంలో 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. అంటే అమ్మలాంటి మనిషి నెల రోజులకి పైగా మట్టి తవ్వితే వచ్చే డబ్బు, లైను తప్పించుకోవడానికి.

ఇప్పుడు చెప్పుల సంగతికి వద్దాం. 2025 జులైలో అమెరికా ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది: ఇక మీదట ఎవరూ బూట్లు విప్పక్కర్లేదు, మామూలు లైనులో కూడా. కొత్త యంత్రాలు వచ్చాయి, భద్రతకి ఇతర ఏర్పాట్లు ఉన్నాయి అన్నారు. సంతోషం. కానీ ఆలోచించండి. అన్నేళ్లు డబ్బు కట్టినవాడి కాళ్లకి బూట్లు ఉండొచ్చు, కట్టనివాడి కాళ్లకి ఉండకూడదు. తర్వాత ఒక రోజు పొద్దున్నే అందరికీ ఉండొచ్చు. అన్నాళ్లూ వాళ్లు అమ్మింది భద్రతనొక్కదాన్నేనా? అవమానం నుంచి మినహాయింపు కూడా అమ్మారు. మినహాయింపుకి ధర పలకాలంటే అవమానం నడుస్తూనే ఉండాలి. ఈ వ్యాపారంలో ఉన్న కిటుకు ఇదే.

తనిఖీకి డబ్బు మనం ముందే కట్టాం, అది కూడా మర్చిపోవద్దు. మన దేశంలో ప్రతి విమాన టికెట్‌లో ఏవియేషన్ సెక్యూరిటీ ఫీజు అని ఉంటుంది. 2021 ఏప్రిల్ నుంచి దేశంలో తిరిగేవాళ్లకి 200 రూపాయలు, విదేశాలకి పోయేవాళ్లకి 12 డాలర్లు. అమెరికాలో ఒక వైపు ప్రయాణానికి 5 డాలర్ల 60 సెంట్లు. బిజినెస్ క్లాసు వాడికీ, మొదటిసారి విమానమెక్కే గల్ఫు కూలీకీ అదే ఫీజు. ఒకే ఫీజు కట్టిన ఇద్దరికీ ఒకే మర్యాద దక్కాలి కదా. మళ్లీ ఇంకో ఫీజు కడితేనే మర్యాద అంటే, అది రెట్టింపు బాడుగ.

ఈ మాట నాది కాదు, మన చరిత్రలోది. అంబేడ్కర్ తన జ్ఞాపకాలు కొన్ని రాసుకున్నాడు, 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' పేరుతో. విద్యార్థులు తప్పకుండా చదవాలి, చిన్న పుస్తకమే. అందులో 1901 నాటి ప్రయాణం ఒకటి ఉంది. తొమ్మిదేళ్ల పిల్లాడు, అన్నతో, అక్క పిల్లలతో కలిసి కోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రి దగ్గరకి బయల్దేరాడు. మంచి బట్టలు, చేతిలో డబ్బు, రైలు టికెట్లు, అన్నీ ఉన్నాయి. మసూర్ స్టేషన్లో దిగాక వాళ్లు మహర్లని తెలిసింది. ఒక్క బండివాడూ ఎక్కించుకోనన్నాడు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు. షరతు ఏమిటంటే బాడుగ రెట్టింపు ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడుస్తాడు. ఆ రాత్రి దారి పొడుగునా వాళ్లకి తాగడానికి నీళ్లు దొరకలేదు.

పిల్లలు రెట్టింపు ఇచ్చారు. తప్పు చేశారా? లేదు. రాత్రివేళ, తెలియని చోట, చిన్నపిల్లలు, ఇంకేం చేస్తారు? కానీ ఆ పిల్లాడు పెద్దయ్యాక "మన వాళ్లంతా డబ్బు సంపాదించి రెట్టింపు బాడుగ ఇవ్వండి" అని పార్టీ పెట్టలేదు. 1927లో మహద్ వెళ్లి చవదార్ చెరువులో అందరితో సమానంగా నీళ్లు తాగించాడు. రెంటికీ తేడా చూడండి. ఒకటి ఆ రాత్రి గడవడం, ఇంకోటి దారి మార్చడం. నేను తమ్ముడితో ఆడుతున్న తగువు ఈ తేడా దగ్గరే.

ఇక రెండో సంగతి. ఈ పథకాల్ని అక్కడ 'ట్రస్టెడ్ ట్రావెలర్' పథకాలు అంటారు. నమ్మదగిన ప్రయాణికుడు! నమ్మదగినవాడని ఎవరు తేలుస్తారు? భారతీయులు గ్లోబల్ ఎంట్రీకి అప్లై చేస్తే మన పాస్‌పోర్టు సేవా ద్వారా నేపథ్య పరిశీలన ఉంటుంది. అంటే మన గుణగణాల మీద మళ్లీ పోలీసు మాట. పాస్‌పోర్టు అప్పుడు మా ఇంటికి వచ్చిన కానిస్టేబుల్ అమ్మని అడిగిన మొదటి ప్రశ్న, "ఏ కాలనీ మీది?" అని. రెండోది పెట్రోలు ఖర్చుల గురించి. ఆ కథ పోయిన భాగంలో రాశాను, మళ్లీ ఎందుకు.

మా పక్కనే కంచికచర్ల. 1968లో అక్కడ కోటేశును దొంగతనం అంటగట్టి, కట్టేసి, సజీవంగా తగలబెట్టారు. విచారణ లేదు, రుజువు లేదు. పుట్టుకే రుజువు. ఇంకొంచెం దిగువకి పోతే బాపట్ల దగ్గర స్టూవర్టుపురం. నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చింది, 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. ఎరుకల కుటుంబాల్ని సెటిల్‌మెంట్లలో పెట్టారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు పిలిచారు, ఊరు దాటాలంటే చీటీ అడిగారు. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకి, 1952లో గానీ దేశమంతటా ఆ చట్టం పోలేదు. అనుమానితుల జాబితా రాసిపెట్టుకోవడం రాజ్యానికి పాత అలవాటు. కొత్తదనమేమిటంటే, ఇప్పుడు నమ్మకస్తుల జాబితా రాసి అమ్ముతున్నారు. డబ్బు కట్టి ఆ జాబితాలో చేరితే, చేరనివాళ్లందరూ అనుమానితులే అని మనం కూడా సంతకం పెట్టినట్టు.

వేలిముద్ర అంటే గుర్తొచ్చింది. రేషన్ షాపులో మిషన్ మీద అమ్మ వేలు పెడితే పడదు. బొటనవేలు పెట్టి, తుడిచి, చూపుడువేలు పెట్టి, మళ్లీ తుడిచి. ముప్పై ఏళ్లు మిరపకాయలు కోసి, పత్తి తీసి గీతలు అరిగిపోయాయి. బియ్యానికే గుర్తుపట్టని వేళ్లు ఇవి.

"ఇదంతా అమెరికా గోల, మనకెందుకు?" అంటారా. గన్నవరంలో డిజియాత్ర గేటు చూశారా? 2022 డిసెంబరులో ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలై, తర్వాతి ఏడాది విజయవాడకీ హైదరాబాదుకీ వచ్చింది. ఆధార్, ముఖం ఇస్తే గేటు తెరుచుకుంటుంది. డబ్బు తీసుకోరు, ముఖం తీసుకుంటారు. లోపల ఒళ్లు తడిమే తనిఖీ మాత్రం అందరికీ మామూలే. దీన్ని నడిపే డిజియాత్ర ఫౌండేషన్‌లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాటా 26 శాతం, మిగతాది విమానాశ్రయ కంపెనీలది. 2025 జనవరిలో శంషాబాద్‌కి ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ వచ్చింది. దాని పేరులోనూ 'ట్రస్టెడ్ ట్రావెలర్' ఉంది. ఇప్పటికి ఉచితమే. కానీ వేరే లైను ఒకసారి పడ్డాక దానికి ధర కట్టడం ఎంతసేపు?

మన విమానాశ్రయాల్లో ఇప్పటికే మూడు మెట్లున్నాయి. రాష్ట్రపతి, ప్రధాని, ముఖ్యమంత్రులు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు వంటివాళ్లకి తనిఖీ లేదు, ఆ జాబితా గోడ మీదే ఉంటుంది. పెద్ద టికెట్ కొన్నవాళ్లకి వేరే వరస. మిగిలినవాళ్లకి మిగిలిన వరస. అమెరికాలో ఇంకో విచిత్రం, ఖరీదైన క్రెడిట్ కార్డులు చాలావాటిలో ఈ ఫీజు కంపెనీయే తిరిగిచ్చేస్తుంది. ఉన్నవాడికి ఉచితం, లేనివాడికి కూలి డబ్బు. మన ఊళ్లో కొత్తగా ఏముంది ఇందులో?

ఇక తమ్ముడి వాదనలకి వద్దాం. వాడు తెలివైనవాడు, గట్టివే అడిగాడు.

"రిస్కు లేనివాళ్లని పక్కకి తీస్తే మామూలు లైను కూడా తగ్గుతుంది కదా." నిజమే, తగ్గొచ్చు. అయితే అరవై ఏళ్ల అమ్మమ్మలకి రిస్కు లేదని తెలుసుకోవడానికి 120 డాలర్లు ఎందుకు? తేలిక తనిఖీ భద్రతకి చాలునంటే అందరికీ ఇవ్వండి. చాలదంటే డబ్బు తీసుకుని ఇవ్వకండి.

"రైల్లో తత్కాల్ కొనవా?" కొన్నాను, చాలాసార్లు. కానీ తత్కాల్ సీటు గురించి. సీటు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. తనిఖీ అలా కాదు, రాజ్యం తన పౌరుణ్ని నిలబెట్టి ఒంటి మీద చెయ్యి వేసే చోటు అది. కోర్టులో, పోలింగ్ బూతులో తత్కాల్ అమ్మితే ఊరుకుంటామా?

చివరిది అన్నిటికన్నా గట్టిది. "తరాల తరబడి మనమే నిలబడ్డాం. ఇప్పుడు నాలుగు డబ్బులు వచ్చాయి. ఇప్పుడు కూడా మనమే ఆదర్శం కోసం నిలబడాలా? వాళ్లెవరూ నిలబడరే!" ఈ మాటలో ఉన్న నొప్పి నాకు తెలుసు. తమ్ముడి మీద నాకు కోపం లేదు. మన వాళ్లెవరైనా జబ్బు మనిషితోనో చంటిబిడ్డతోనో వెళ్తూ ఆ డబ్బు కడితే నేను వేలెత్తి చూపను, మసూర్ పిల్లల్ని చూపనట్టే. కానీ ఒకటి గుర్తుపెట్టుకో తమ్ముడూ. లైను అనేది మనకి ఎవరూ ఊరికే ఇచ్చింది కాదు. బావి దగ్గర మనకి లైనే లేదు, దూరంగా కడవ పెట్టుకుని ఎవరో పోస్తారని చూడటమే. హోటల్లో లైను లేదు, బయట వేరే గ్లాసు. 'ముందొచ్చినవాడు ముందు' అన్న రూలు కులానికి తెలియని రూలు. దాని కోసం దెబ్బలు తిన్నాం. మనం చేరేసరికి, 'ముందు కట్టినవాడు ముందు' అని బోర్డు మారుస్తున్నారు. ఆ బోర్డు కింద మనలో పదిమంది దూరొచ్చు. పల్లె మొత్తం దూరలేదు.

కాబట్టి అడగాల్సింది ఇది. మామూలు లైనులో కౌంటర్లన్నీ మనుషులతో నింపండి, ఆ పని కోసమే టికెట్‌లో డబ్బు తీసుకున్నారు. ముసలివాళ్లకీ గర్భిణులకీ పసిబిడ్డల తల్లులకీ ముందు వరస ఇవ్వండి, అవసరాన్ని బట్టి, డబ్బుని బట్టి కాదు. ముఖం ఇవ్వనివాడి గేటు దగ్గర కూడా అంతే మందిని పెట్టండి. డిజియాత్రని సమాచార హక్కు కింద నిలబెట్టండి. విమానం మన సమస్య కాదు అనుకునే విద్యార్థులు ఒక్కసారి చూసుకోండి, మన కాలనీల నుంచి దుబాయికీ కువైట్‌కీ పోయే అక్కచెల్లెళ్లు ఏ లైనులో నిలబడుతున్నారో.

నిన్న రాత్రి అమ్మనే అడిగాను, ఏం చేద్దామని. వీల్‌చైర్ ఎయిర్‌లైన్ వాళ్లని అడగమంది. "అది డబ్బుకి కాదుగా, నడవలేనోళ్లకేగా" అంది. బుకింగ్‌లో పెట్టాను. తర్వాత, అక్కడ ఇప్పుడు చెప్పులు ఎవరూ విప్పక్కర్లేదని చెప్పాను.

"ఎవరు కొట్లాడారు?" అంది వెంటనే.

ఎవరూ కొట్లాడలేదమ్మా, వాళ్లే తీసేశారు అన్నాను.

కాసేపు ఊరుకుంది. "అట్టయితే మళ్లీ పెడతారు" అంది.

జై భీమ్.

(వచ్చే భాగంలో: కువైట్ వెళ్లే మన ఆడవాళ్లు, ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు.)