బురద దిగే వేగం కొలిపించండి

సూరత్ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చి అమ్రోలిలో స్థిరపడ్డ కుటుంబాల్లో మాదీ ఒకటి. బమ్రోలిలో మురుగునీటిని శుద్ధి చేసి పాండేసరా పరిశ్రమలకు అమ్ముతున్న నగరం మనది. అందుకే శుద్ధి ప్లాంటులో బురద దిగే వేగం సంగతి మీ ముందు పెట్టడానికి జంకు లేదు.

మురుగును శుద్ధి చేయడానికి గాలి ఊది సూక్ష్మజీవులను ఎంత పెంచినా, ఆఖరి తొట్టిలో ఆ సూక్ష్మజీవుల బురద అడుక్కి దిగకపోతే అంతా వృథా. బురద చిక్కబడేకొద్దీ దిగే వేగం పడిపోతుంది. ఎంత పడిపోతుందో ఇంజనీరు వెసిలిండ్ 1968లోనే సూత్రంగా రాశాడు. లీటరు జాడీలో 30 నిమిషాలు తేర్చే మామూలు పరీక్ష చివరికి బురద ఏ మట్టానికి దిగిందో చెబుతుంది గానీ, ఎంత వేగంగా దిగిందో చెప్పదు. అదే బురదను నాలుగైదు చిక్కదనాల్లో తీసుకుని నిమిషనిమిషానికీ మట్టం రాసుకుంటే సూత్రానికి కావలసిన అంకెలు దొరుకుతాయి. ముఖ్యంగా కావలసినవి జాడీ, గడియారం, కాస్త ఓపిక.

ఆ అంకెలతో మిగతా లెక్క కంప్యూటరు పని. వానల్లో ప్రవాహం రెట్టింపైతే తొట్టి తట్టుకుంటుందా? తొట్టి అడుగు నుంచి గాలి ఊదే తొట్టికి వెనక్కి పంపే బురదను ఎంత పెంచాలి? అతిగా పెంచినా ముప్పే, తొట్టి మీద బురద భారం ఇంకా పెరుగుతుంది. కొత్త తొట్టికి టెండరు పిలిచే ముందు ఈ లెక్క చూడటం మంచిది. కాంక్రీటు చవక కాదు కదా.

జూన్ వానల్లోపు మా వైపు మురుగు వెళ్లే ప్లాంటులో ఈ పరీక్ష చేయించి, ఫలితాలను వార్డు ఆఫీసులో గుజరాతీలో అంటించండి. మావాళ్లకు తెలుగులో చెప్పే బాధ్యత నాది.

ఇట్లు,
అమ్రోలి వాసి