టైనా? ఎక్స్‌-వింగా?

1977లో వచ్చిన 'స్టార్ వార్స్' సినిమాలో రకరకాల చిన్న యుద్ధ నౌకలుంటాయి. రోజూ తాండూరు నుంచి వికారాబాద్ కాలేజీకి రైల్లో వెళ్లే మా వాడికి టై ఫైటరంటే పిచ్చి. తేలిక, చురుకు, ఎటంటే అటు తిరుగుతుంది. నిజమే. కానీ దానికి రక్షణ కవచం లేదు, నక్షత్రాల మధ్య దూరాలు దాటే ఇంజనూ లేదు. తెచ్చిన పెద్ద ఓడ వెళ్లిపోయిందా, లోపలున్నవాడి గతి అంతే! అదిపోతే ఇంకొకటి పంపుతారు, అంతే లెక్క.

నా ఓటు ఎక్స్‌-వింగ్‌కే. నాలుగు ఇంజన్లు, నాలుగు లేజర్ తుపాకులు, కవచం, దారిలో చెడిపోతే బాగుచేసే రోబో. ఒంటరిగా వెళ్లినా ఇల్లు చేరొచ్చు. "బరువెక్కువ కదమ్మా" అంటాడు. ఆ బరువు ఎవరికోసమండీ? వాడి బ్యాగులో నేను పెట్టే గొడుగూ, రెండో టిఫిన్ డబ్బా కూడా బరువేనట.