బండి కొత్తది.. బాధ పాతది!

* ఎస్‌యూవీల మరమ్మతులపై యజమానుల ఆవేదన
* వారంటీ ఉన్నా తప్పని వాదులాట
* కాగితం భద్రపరచినవారికే కమిషన్లలో ఊరట

విజయవాడ: కొత్త వాహనానికి కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఇంటికి తెచ్చుకున్న ఆనందం కొందరికి ఏడాది కూడా నిలవడం లేదు. గేరు సరిగా పడకపోవడం, స్టీరింగ్ నుంచి శబ్దం రావడం, నడిరోడ్డుపై ఇంజిన్ శక్తి ఒక్కసారిగా తగ్గిపోవడం వంటి సమస్యలతో యజమానులు సర్వీసు సెంటర్ల చుట్టూ తిరగవలసి వస్తోంది. వారంటీ ఉంది కదా అని ధీమాతో వెళ్లినవారికి ‘ఇది వారంటీ పరిధిలోకి రాదు’ అన్న సమాధానం ఎదురవుతోంది. వాహనం షెడ్డులో ఉన్నా నెలవారీ వాయిదా మాత్రం ఆగదు. వారంటీ పత్రం ఇచ్చే హామీ ఏమిటి, చట్టం కల్పించిన రక్షణ ఏమిటి అన్న తేడా తెలియకపోవడమే ఈ వివాదాల్లో వినియోగదారుడిని తొలి మెట్టులోనే దెబ్బతీస్తోంది.

దేశంలో 2024-25 ఆర్థిక సంవత్సరంలో అమ్ముడైన సుమారు 43 లక్షల ప్రయాణికుల వాహనాల్లో దాదాపు 65 శాతం యుటిలిటీ వాహనాలే. ఒకప్పుడు గుత్తేదారులకు, రాజకీయ నాయకులకు పరిమితమైన ఈ వాహనాలు నేడు ఉపాధ్యాయులు, రైతులు, చిరు వ్యాపారుల ఇళ్ల ముందుకూ చేరాయి. ధర పెరిగింది, పరికరాలు పెరిగాయి, వాటితోపాటే చిక్కులూ పెరిగాయి.

హామీ మరమ్మతుకే.. మార్పిడికి కాదు

లోపం ఉంటే వాహనాన్నే మార్చి ఇస్తారన్నది చాలామంది నమ్మకం. వారంటీ పత్రంలోని భాష వేరు. నిర్ణీత కాలం లేదా నిర్ణీత కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు, తయారీ లోపం ఉన్న భాగాన్ని బాగుచేస్తాం లేదా మారుస్తాం అన్నదే అందులోని సారాంశం. క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్యాడ్లు, వైపర్ బ్లేడ్ల వంటి అరిగిపోయే భాగాలను సాధారణంగా మినహాయిస్తారు. టైర్లు, బ్యాటరీల హామీని వాటి తయారీదారులే వేరుగా ఇస్తారు.

మారుతి ఉద్యోగ్ సంస్థకు సంబంధించిన కేసులో 2006లో సుప్రీంకోర్టు ఈ అంశాన్నే స్పష్టం చేసింది. లోపభూయిష్టమైన భాగాన్ని మార్చడం వరకే వారంటీ నిబంధన వర్తిస్తుందని, దాని ఆధారంగా మొత్తం వాహనాన్ని మార్చాలని ఆదేశించడం కుదరదని తేల్చింది. యజమాని పడిన ఇబ్బందికి నగదు పరిహారంతో సరిపెట్టింది. నాటి నుంచి నేటి వరకు కంపెనీల న్యాయవాదులు ఆశ్రయించే తీర్పుల్లో ఇది ముఖ్యమైనది. కొత్త వాహనం కావాలని పట్టుబట్టే యజమాని, లోపం సరిచేయడానికి వీలుకానిదని నిరూపించవలసి ఉంటుంది.

లోపమా.. నడిపే తీరా?

దేశవ్యాప్తంగా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. దీంతో డీజిల్ ఎస్‌యూవీల్లో పొగలోని మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే వడపోత పరికరం చేరింది. పేరుకున్న మసిని ఈ పరికరం అధిక వేడితో తనంతట తానే కాల్చివేసుకోవాలి. అందుకు వాహనం కొంతసేపు ఆగకుండా, తగిన వేగంతో సాగాలి. పట్టణంలో బడికి, బజారుకు రెండు మూడు కిలోమీటర్లు తిరిగే బండికి ఆ అవకాశం తక్కువ. మసి నిండితే హెచ్చరిక దీపం వెలుగుతుంది. పట్టించుకోకుంటే ఇంజిన్ శక్తి తగ్గుతుంది. కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలిసే ప్రమాదమూ ఉంది.

వివాదానికి మూలం ఇక్కడే ఉంది. మీరు నడిపే తీరు వల్లే సమస్య వచ్చిందని సర్వీసు సెంటర్ అంటుంది. ఊళ్లో తిరగడానికే కొంటున్నామని చెప్పినప్పుడు ఈ సంగతి ఎందుకు చెప్పలేదని యజమాని ప్రశ్నిస్తాడు. చెప్పవలసిన విషయం యజమాని చేతి పుస్తకంలో ఉందన్నది కంపెనీ సమాధానం. వందల పేజీల పుస్తకంలోని హెచ్చరికను అమ్మకం నాడు నోటితో చెప్పకపోవడం, చెప్పినట్లు కాగితం లేకపోవడం ఇరుపక్షాలకూ చిక్కే.

బయట ముట్టుకుంటే అంతేనా?

వారంటీ నిరాకరణకు తరచూ వినిపించే మరో కారణం బయటి మెకానిక్ చేయి పడిందన్నది. ఆటోనగర్ వంటి కార్మికవాడ చేరువలో ఉన్న విజయవాడలో ఇది మామూలు విషయం కాదు. విడిభాగాలు, సాంకేతిక సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారన్న ఫిర్యాదుపై భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు మొత్తం రూ.2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. బయట మరమ్మతు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీని మొత్తంగా రద్దు చేయడం తగదన్న ఆలోచన ఆ ఆదేశంలో ఉంది. ఆ తరవాత అప్పీళ్లలో కొన్ని కంపెనీల జరిమానా లెక్క మారింది. ఏమైనా, అదనపు దీపాలు, హారన్ల కోసం వైర్లు కోయించిన వాహనంలో విద్యుత్ లోపం తలెత్తితే అది తయారీ లోపమేనని నిరూపించడం యజమానికి కష్టసాధ్యం.

డీలరా.. కంపెనీయా?

ఫిర్యాదు ఎవరిపై అన్నదీ కీలకమే. పాత మోడల్ కారును కొత్త మోడల్‌గా అంటగట్టారన్న వివాదంలో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో టాటా మోటార్స్‌కు అనుకూలంగా తీర్పునిచ్చింది. డీలరు చేసిన తప్పు తయారీదారుకు తెలుసని రుజువు కానిదే కంపెనీని బాధ్యురాలిని చేయలేమని పేర్కొంది. అందువల్ల అమ్మకంలో మోసం, సర్వీసులో నిర్లక్ష్యం, తయారీలో లోపం అనే మూడింటిని ఫిర్యాదులో విడివిడిగా చూపడం అవసరం.

గాయపడితే లెక్క వేరు

2015లో కొన్న హ్యుందయ్ క్రెటాలో ప్రయాణిస్తూ ఢిల్లీకి చెందిన యజమాని 2017 నవంబరులో ప్రమాదానికి గురయ్యారు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోక తల, ఛాతీ, దంతాలకు గాయాలయ్యాయి. అవి తెరుచుకునేంత బలంగా ముందు భాగంలో దెబ్బ తగలలేదని కంపెనీ వాదించింది. వాహనాన్ని మార్చివ్వాలని, వైద్య ఖర్చులు, ఆదాయ నష్టం కింద రూ.2 లక్షలు, మానసిక వేదనకు రూ.50 వేలు, కేసు ఖర్చులకు మరో రూ.50 వేలు చెల్లించాలని ఢిల్లీ రాష్ట్ర కమిషన్ ఆదేశించింది. జాతీయ కమిషన్, 2022 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు దానిని సమర్థించాయి. ఢీకొన్న వేగాన్ని, బలాన్ని లెక్కగట్టే భౌతికశాస్త్ర నిపుణుడై ఉండాలని వినియోగదారుడి నుంచి ఆశించలేమన్నది సర్వోన్నత న్యాయస్థానం అభిప్రాయం.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘ఉత్పత్తి బాధ్యత’ పేరిట ఒక అధ్యాయాన్నే కేటాయించింది. తయారీ లోపం, రూపకల్పన లోపం, తగిన హెచ్చరికలు ఇవ్వకపోవడం వల్ల హాని జరిగితే తయారీదారు బాధ్యుడవుతాడు. అయితే వస్తువుకే కలిగిన నష్టం, వారంటీ ఉల్లంఘన వల్ల ఆస్తికి కలిగిన నష్టం ఆ అధ్యాయంలోని ‘హాని’ నిర్వచనంలోకి రావు. మనిషికి గాయమైతే ఒక దారి, గేర్‌బాక్సు పాడైతే మరో దారి అన్నమాట. రెండో దారిలో లోపభూయిష్టమైన వస్తువు, సేవాలోపం అనే పాత ఆధారాలపైనే పోరాడాలి.

రుసుము స్వల్పం.. రుజువే భారం

చట్టం దారి మూసివేయలేదు. చెల్లించిన ధర రూ.50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. రూ.10 లక్షల నుంచి రూ.20 లక్షల వరకు రుసుము రూ.400, ఆపైన రూ.50 లక్షల వరకు రూ.1,000 మాత్రమే. వాహనం ఎక్కడ కొన్నా, నివాసం ఉన్న జిల్లాలోనే కేసు వేసే వీలుంది. శ్రీకాకుళం వాసి విశాఖలో కొన్న బండికి విశాఖ వరకు పరుగెత్తనవసరం లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. సలహాకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అద్దెకు తిప్పే వాహనమైతే అది జీవనోపాధి కోసం స్వయం ఉపాధిగా కొన్నదేనని చూపాలి. లేకుంటే వినియోగదారుడే కాదన్న వాదన ఎదురవుతుంది.

అసలు కష్టం రుజువు వద్దే మొదలవుతుంది. పరీక్ష లేనిదే తేలని లోపమైతే కమిషన్ తగిన ప్రయోగశాలకు పంపవచ్చు. ఆ ఖర్చును ఫిర్యాదుదారే ముందుగా జమ చేయవలసి రావచ్చు. పరీక్ష అవసరం లేని కేసును మూడు నెలల్లో, అవసరమైనదాన్ని ఐదు నెలల్లో తేల్చేందుకు యత్నించాలని చట్టం చెబుతోంది. వాయిదాలు, అప్పీళ్లతో ఆ గడువు దాటిపోతే ఆగి ఉన్న బండి విలువ కరిగిపోతూనే ఉంటుంది. క్రెటా కేసు ప్రమాదం నుంచి తుది తీర్పు వరకు నాలుగున్నరేళ్లకు దగ్గరగా సాగడమే ఇందుకు నిదర్శనం.

ఈ స్థితిలో యజమానికి అండ జాబ్‌కార్డే. చెప్పిన సమస్య చెప్పినట్లుగా అందులో రాయించుకోకపోతే, పదిసార్లు తిరిగినా రికార్డులో అది మామూలు సర్వీసుగానే మిగులుతుంది. ‘సమస్య కనిపించలేదు’ అని రాసిన కాగితంపై సంతకం చేసే ముందు తన అభ్యంతరాన్నీ అక్కడే నమోదు చేయాలి. ఫోన్‌లో మాట్లాడినదాన్ని లిఖితపూర్వకంగా పంపి, వారంటీ నిరాకరణకు కారణాన్నీ లిఖితపూర్వకంగానే కోరాలి. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా కేసు వేయాలి. ‘వచ్చే సర్వీసులో చూద్దాం’ అన్న మాటతో ఆ గడువు కరిగిపోతే, ఆలస్యానికి తగిన కారణం చూపే భారమూ యజమానిపైనే పడుతుంది.

ఒంటరి గొంతు వినపడేదెలా?

ఒకే లోపం అనేక వాహనాల్లో బయటపడితే కేంద్రం వాటిని వెనక్కి రప్పించేలా ఆదేశించే అధికారం 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అది ఏడేళ్ల లోపు వాహనాలకు, భద్రతకు లేదా పర్యావరణానికి ముప్పు తెచ్చే లోపాలకు వర్తిస్తుంది. అమ్మకాలను బట్టి నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు నమోదు కావాలి. జరిమానా రూ.10 లక్షల నుంచి రూ.కోటి వరకు ఉంటుంది. కానీ షోరూం మేనేజరుతో వాదించి ఇంటికి వెళ్లిన యజమాని ఫిర్యాదు ఆ లెక్కలో చేరదు. పది ఊళ్లలో పదిమందికి ఎదురైన ఒకే లోపం పది వేర్వేరు దురదృష్టాలుగానే మిగిలిపోతుంది.

వారంటీ నిరాకరించే ప్రతి సందర్భంలోనూ కారణాన్ని రాసివ్వడం డీలర్ల విధి కావాలి. జిల్లా కమిషన్లకు అందుబాటులో వాహన పరీక్షా కేంద్రాలు, నిపుణుల జాబితా ఉండాలి. అంతవరకు పరీక్ష ఖర్చూ, ఆలస్యమూ, రుజువు భారమూ మూడూ వినియోగదారుడి భుజాలపైనే ఉంటాయి. వాయిదా కట్టే చేత్తోనే జాబ్‌కార్డులూ దాచుకోవడం మినహా అతడికి మరో మార్గం లేదు.